నాన్న జీపు, బావగారి ఇంజిన్

గుంటూరు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు, పేరు మాత్రం వద్దన్నారు. వయసు 43, ప్రైవేటు ఉద్యోగం, ఇల్లు లక్ష్మీపురంలో, పొలం ప్రత్తిపాడు వైపు. గొడవంతా ఇంట్లో ఉన్న జీపు గురించి. వాళ్ళ నాన్నగారు 1993లో మిర్చి డబ్బులతో కొన్న మహీంద్రా ఎంఎం 540, ఫోర్ వీల్ డ్రైవ్, ఏపీ 7 నంబరు. వానాకాలం నల్లరేగడి చేలల్లోకి ట్రాక్టరు తర్వాత దిగగలిగేది అదొక్కటే. ఏడాదికి ఒకటి రెండుసార్లు స్నేహితులతో నల్లమల వైపు, అప్పుడప్పుడు ఆదివారం కొండవీడు.

ఇప్పుడు ఆ బండి పొద్దున హీటర్ ఎంతసేపు పట్టినా స్టార్ట్ కావడం లేదు, ఇద్దరు తోయాలి. స్టార్ట్ అయ్యాక కాసేపు తెల్లపొగ, తర్వాత లోడు పడ్డప్పుడల్లా నీలం పొగ. 600 కిలోమీటర్లకి లీటరు ఆయిల్ పోస్తున్నారు. కొండవీడు ఘాట్ ఎక్కుతుంటే వేడి ముల్లు ఎర్రగీత దాకా పోతోంది. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి ఆయిల్ మూత విప్పి, ఇంజిన్ నడుస్తుండగా ఆ రంధ్రం మీద అరచెయ్యి పెట్టించి, "గాలి ఎలా తంతోందో చూడండి సార్, ఇంజిన్ అయిపోయింది" అని ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేసే ఫుల్ పనికి 90 వేలు చెప్పాడు. అక్క భర్త ఒప్పుకోవడం లేదు. ట్రావెల్స్ నడిపిన మనిషి, "బోర్ చేసిన ఇంజిన్‌కి ఆయుష్షు ఉండదు, డీఐ ఇంజిన్ వేసెయ్, మళ్ళీ బానెట్ ఎత్తక్కర్లేదు" అంటూ పాత సామాన్ల షాపులో ఒక డీఐ (డీజిల్ నేరుగా సిలిండర్లో పడే రకం) ఇంజిన్ చూసి, ఈయన్ని అడక్కుండానే పదివేలు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ఇంజిన్ లక్షా పదివేలు, బిగింపు పాతికవేలు అట. నాన్నగారికి 74 ఏళ్ళు, "ఇంజిన్ నంబరు మారితే అది నా బండి కాదు" అన్నారు, అంతే, ఆపైన మాట లేదు. భార్య మాట వేరు: పదిహేనేళ్ళు దాటినవన్నీ తుక్కే అంటున్నారు, ఇచ్చేసి చిన్న కారు కొనుక్కుందామని. చివర్లో ఈయన రాసింది ఇది: "బావగారిని కాదంటే అక్క బాధపడుతుంది, ఔనంటే నాన్న మాట్లాడడం మానేస్తారు. ఏం చేయమంటారు?"

మీ ఉత్తరంలో ఇంజిన్‌కి ఒకటిన్నర పేజీ, బావగారికి రెండున్నర పేజీలు పోయాయండీ. టెన్షన్ ఎక్కడుందో అక్కడే తెలిసిపోతోంది. అయినా ముందు ఇంజిన్ సంగతే మాట్లాడుకుందాం, అది తేలితే మిగతాది సగం దానంతటదే తేలుతుంది.

మీరు ఇంత రాశారు కదా, మేస్త్రి ఒక మాట, బావగారు ఒక మాట, నాన్నగారు ఒక మాట, కానీ ఈ ముగ్గురిలో ఎవరైనా ఆ ఇంజిన్‌ని కొలిచారా? సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టారా, ఆయిల్ ప్రెజర్ చూశారా, డీజిల్ చిమ్మే నాజిళ్ళు బెంచి మీద పరీక్ష చేయించారా? మీరు రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. ఆయిల్ మూత దగ్గర గాలి రావడం ఏదో అరిగిందని చెప్తుంది, ఎంత అరిగిందో చెప్పదు. ఒంటి మీద చెయ్యి వేసి చూసి ఆపరేషన్ రాసిచ్చినట్టుంది మీ మేస్త్రి వ్యవహారం. అతను అబద్ధం చెప్తున్నాడని నేననడం లేదు, ఆటోనగర్‌లో ఇన్నేళ్ళు చెయ్యి తిరిగినవాడి అంచనా చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ 90 వేలో లక్షా ముప్ఫై అయిదు వేలో పెట్టే ముందు అంచనా మీద ఆగిపోకూడదు.

మీ బండి లక్షణాలు మూడు వేరువేరు జబ్బులవి కావచ్చు. వాటినన్నిటినీ కలిపి "ఇంజిన్ అయిపోయింది" అనే ఒక్క మూటలో కట్టేశారు.

పొద్దున్న మొండికేయడం, తెల్లపొగ ఒక జంట. మీ బండిలో ఉండాల్సింది ఎక్స్‌డీపీ 4.90, ఫ్రాన్స్ ప్యూజో కంపెనీ లైసెన్సుతో మహీంద్రా తయారుచేసిన 2,112 సీసీ డీజిల్. ఇందులో డీజిల్ నేరుగా సిలిండర్లో పడదు, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డులో ఉన్న చిన్న గదిలో పడి అక్కడ అంటుకుని సిలిండర్లోకి వస్తుంది. చల్లటి ఇంజిన్లో ఆ గది గోడలు వేడినంతా లాగేసుకుంటాయి కాబట్టే హీటర్ ప్లగ్గులు పెట్టారు. నాలుగింటిలో రెండు కాలిపోయినా మీరు రాసినట్టే ఉంటుంది వ్యవహారం, ఎంతసేపు తాళం పట్టుకున్నా లాభం ఉండదు, తోస్తే పట్టుకుంటుంది, కాలని డీజిల్ తెల్లపొగగా పోతుంది, ఇంజిన్ కాస్త వేడెక్కగానే సర్దుకుంటుంది. ప్లగ్గుల వైరు విప్పి, టెస్ట్ ల్యాంపు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొస ప్లగ్గు తలకి ఆనించండి. వెలిగితే ఆ ప్లగ్గు తెగలేదు, వెలగకపోతే పోయింది. ఇంట్లో మీరే చేసుకోవచ్చు, ఇంజిన్ దించే పని కాదు. కంప్రెషన్ పడిపోయినా ఇవే లక్షణాలు వస్తాయి, నిజమే, కానీ చవకైన కారణాన్ని ముందు కొట్టేయాలి కదా.

ఘాట్ మీద వేడెక్కడం ఇంకోటి. 30 ఏళ్ళు దాటిన బండిలో రేడియేటర్ ట్యూబులు తుప్పుతో పూడుకుపోయి ఉంటే ఆశ్చర్యం లేదు, ముఖ్యంగా కూలెంటు పోయకుండా బోరునీళ్ళు పోస్తూ వచ్చినవాళ్ళకి. ఫ్యాన్ బెల్టు, వాటర్ పంపు సరేసరి. థర్మోస్టాట్ వాల్వు ఉందో లేదో చూడండి, మన ఎండలకి అది ఎందుకని మెకానిక్కులు తీసి పారేసే అలవాటు ఒకటి ఉంది, అది లేని ఇంజిన్ మామూలు రోడ్డు మీద వేడెక్కాల్సినంత వేడెక్కక లోపల త్వరగా అరుగుతుంది. హెడ్ గ్యాస్‌కెట్ సంగతి తెలియాలంటే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పూర్తిగా చల్లగా అంటే రాత్రంతా ఆగి ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించండి. నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్‌కెట్టో హెడ్డో దెబ్బతింది. వేడి బండి మూత మాత్రం ముట్టుకోకండి.

ఇక ఆయిల్ తాగడం, నీలం పొగ. ఇది మాత్రం నిజమైన అరుగుదల, దీన్ని నేను తేలిక చేయను. అయితే ఎక్కడ అరిగిందో పొగే కొంత చెప్తుంది. ఎత్తు ఎక్కుతుంటే, లోడు మీద, ఆగకుండా వస్తే పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు, సిలిండర్లు. దిగుడులో కాలు తీసేసి వచ్చి మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్కసారి గుప్పున వచ్చి పోతే హెడ్డులో వాల్వులు జారే గొట్టాలు, అంటే వాల్వు గైడ్లు. రెండోదైతే హెడ్డు దించితే సరిపోతుంది, ఇంజిన్ దించక్కర్లేదు. మీరు లోడు మీద వస్తోందని రాశారు కాబట్టి రింగులవైపే మొగ్గుగా ఉంది, కానీ ఈసారి కొండవీడు నుంచి దిగేటప్పుడు వెనక బండిలో ఒక మనిషిని పెట్టి చూడమనండి.

ఆ తర్వాత గేజి. డీజిల్‌కి పెట్టే కంప్రెషన్ గేజి వేరు, పెట్రోలు గేజి ఆ ఒత్తిడికి ఆగదు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు నాజిళ్ళో, నాలుగు హీటర్ ప్లగ్గులో తీసేసి, ఒక్కొక్క సిలిండర్ చూసి నాలుగంకెలూ కాగితం మీద రాయించుకోండి. నాలుగూ ఒకేలా కాస్త తగ్గి ఉంటే వయసు. మూడు బాగుండి ఒకటి బాగా పడిపోయి ఉంటే అది ఒక చోట దెబ్బ, వాల్వో, విరిగిన రింగో, గ్యాస్‌కెట్టో. దాంతోపాటే బాగా నడిపి తెచ్చిన బండి ఐడిల్‌లో ఉండగా ఆయిల్ ప్రెజర్ బయటి గేజితో చూడమనండి, పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, దాని బేరింగుల సంగతి అక్కడ తెలుస్తుంది. మీ ఉత్తరంలో ఆయిల్ లైటు ముచ్చటే లేదు, వేడి మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అది మిణుకు మిణుకుమంటోందా లేదా అనేది నా దృష్టిలో పొగ రంగు కన్నా ముఖ్యం.

ఈ పరీక్షల ఖర్చు మీ బావగారు ఇచ్చిన అడ్వాన్సు కన్నా తక్కువే ఉంటుంది. ఆ అంకెలు చేతికొచ్చాక మీ ముందు దారులుంటాయి.

ప్లగ్గులు, నాజిళ్ళు, పంపు కాలిబ్రేషన్, రేడియేటర్ శుభ్రం ఇంతవరకే చేయించి ఈ ఏడాది నడుపుకోవడం ఒకటి. కంప్రెషన్ మరీ పడిపోకుండా, ప్రెజర్ బాగుంటే ఇది పిసినారితనం కాదు, తెలివే. ఆయిల్ పోస్తూనే ఉండాలి, పొగ పూర్తిగా పోదు, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర కాస్త ఇబ్బంది పడొచ్చు. కానీ మీరు చెప్పిన వాడకానికి, అంటే వానాకాలం చేలు, ఏడాదికి రెండు ట్రిప్పులు, అది ఇంకొన్నాళ్ళు లాక్కొస్తుంది. ఆయిల్ ప్రెజర్ పడిపోయి ఉంటే మాత్రం ఈ దారి మూసేయండి. అలా నడిపితే ఈరోజు బేరింగులతో పోయేది రేపు క్రాంకు మీదకి వస్తుంది.

ఫుల్ పని చేయించడం ఇంకొకటి. బావగారు అన్నారే, బోర్ చేసిన ఇంజిన్‌కి ఆయుష్షు ఉండదని, ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. మన దగ్గర చాలా ఇంజిన్ల మీద జరిగేది అదే: కొలవకుండా రింగులు మార్చి, పాత క్రాంకుకి కొత్త షెల్సు (బేరింగులు) వేసి, హెడ్డుని రాయి మీద రుద్ది బిగించేస్తారు, అది ఏడాదిలో మళ్ళీ పొగ కొడుతుంది, ఊరంతా "బోర్ ఇంజిన్ అంతే" అంటుంది. సరిగ్గా చేసిన పని వేరుగా ఉంటుంది. బ్లాకు లేత్ షాపులో బోర్ గేజితో పైన, మధ్య, కింద కొలవాలి. బోర్ చేయడమా లైనర్లు మార్చడమా అన్నది ఆ కొలతే చెప్తుంది. క్రాంకు జర్నళ్ళు మైక్రోమీటర్‌తో చూడాలి, గ్రైండింగ్ అవసరమైతే ఎంత తీశారో దానికి సరిపడా అండర్‌సైజ్ షెల్సే పడాలి. హెడ్డు ప్రెజర్ టెస్టు చేసి పగుళ్ళు లేవని తేల్చుకున్నాకే ప్లానింగ్ (హెడ్డు అడుగు చదును చేయడం), వాల్వు సీట్లు. ఆయిల్ పంపు విప్పి చూడాలి. ఇంకా, పిస్టన్ తల మీద కార్బన్ గీకితే సైజు అంకె కనబడుతుంది, దాన్ని బట్టి ఇంతకుముందు ఈ ఇంజిన్ ఎవరి చేతుల్లో పడిందో తెలిసిపోతుంది. ఈ విషయంలో నాన్నగారిని అడగండి, ఆయన దగ్గర పాత బిల్లులు ఉండే ఉంటాయి, ఆ తరం వాళ్ళు బిల్లు పారేయరు.

కాబట్టి మీ మేస్త్రిని "90 వేలు ఎక్కువ, తగ్గించు" అని అడక్కండి. ఆ 90 వేలల్లో ఏమేం ఉన్నాయో కాగితం మీద విడివిడిగా రాసివ్వమనండి, లైనర్లు పిస్టన్లు ఏ బ్రాండువి, క్రాంకు పని ఉందా, హెడ్డు పని ఉందా, పంపు నాజిళ్ళు అందులోనేనా బయటా, మజూరీ ఎంత, పాత సామాను మీకు తిరిగిస్తాడా. రాసిస్తే మంచి మేస్త్రి. "నా మీద నమ్మకం లేదా సార్" అంటే ఇంకో షాపు చూసుకోండి, ఆటోనగర్‌లో షాపులకి కరువా ఏమన్నా. బేరమాడి పదివేలు తగ్గిస్తే ఆ పదివేలు ఎక్కడో లోపలే తగ్గుతాయి, మీకు కనపడని చోట.

ఈ దారిలో ఖర్చు పెరిగే ప్రమాదం ఉంది, ఇంజిన్ విప్పాక బ్లాకు పగిలి ఉందనో క్రాంకు ఇక గ్రైండింగ్‌కి పనికిరాదనో తేలొచ్చు. ప్యూజో సామాను డీఐ సామానులా ప్రతి ఊళ్ళో దొరకదు, మంచి క్రాంకు కోసం వారాలు తిరగాల్సి రావొచ్చు. కానీ అన్నీ సవ్యంగా పడితే బండికి పాత వయ్యారం తిరిగొస్తుంది, బ్లాకు అదే కాబట్టి దాని మీద కొట్టిన నంబరూ అదే, సి-బుక్కులో అక్షరం మారదు.

ఇప్పుడు బావగారి ఇంజిన్. న్యాయంగా చెప్పాలంటే ఆయన ఎంపిక పిచ్చిది కాదు. మహీంద్రా డీఐ మొండి ఇంజిన్, 2,523 సీసీ, డీజిల్ నేరుగా సిలిండర్లోనే పడుతుంది కాబట్టి పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి లేస్తుంది, తక్కువ స్పీడులో లాగే బలం ఎక్కువ, సామాను ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతుంది, బాగుచేయడం రాని మెకానిక్కు ఉండడు. చేలల్లో, రాళ్ళల్లో దాన్ని నడపడం హాయిగానే ఉంటుంది.

కానీ ఆ లక్షా ముప్ఫై అయిదు వేల దగ్గర లెక్క ఆగదు. ఇంజిన్ ఫౌండేషన్లు మార్చాలి, ఛాసిస్ మీద వెల్డింగ్ పడుతుంది. మీ గేర్‌బాక్సుకి ఆ ఇంజిన్ కలవాలంటే బెల్ హౌసింగో అడాప్టర్ ప్లేటో కావాలి, క్లచ్చు, ఫ్లైవీల్ దానికి తగ్గట్టు. రేడియేటర్ గొట్టాలు, సైలెన్సర్, యాక్సిలరేటర్ లింకు, ఎయిర్ క్లీనర్ ఒక్కటీ సూటిగా కూర్చోదు. వైబ్రేషన్ ఎక్కువ, అది పాత బాడీ అతుకుల మీద పడుతుంది. పాతికవేలల్లో ఇవన్నీ ఉన్నాయా అని అడిగి చూడండి. మొదలుపెట్టాక ఆపలేని పని కాబట్టి తడిసి మోపెడవుతుంది.

ఇంకో చిన్న లెక్క చేయండి, ఇది ఎవరూ చెప్పరు. మీ డిఫరెన్షియల్లో క్రౌన్ పినియన్ పళ్ళు 43కి 8 అనుకుందాం, అంటే టాప్ గేర్లో ఇంజిన్ 43 చుట్లు తిరిగితే చక్రం 8 చుట్లు, టైరు ఒక్క చుట్టుకి రెండుంపావు మీటర్లు పోతుందనుకుందాం. టాప్ గేర్లో ఇంజిన్ నిమిషానికి 3,200 చుట్లు తిరిగితే బండి గంటకి 80 కిలోమీటర్లు పోతుంది. ప్యూజో ఇంజిన్ 4,500 దాకా తిరుగుతుంది కాబట్టి దానికి 80 అంటే ఇంకా చేతిలో ఉన్నట్టు. డీఐకి 3,200 అంటే గరిష్ఠం దగ్గరికొచ్చేసినట్టే, గొంతు చించుకుని అరుస్తుంది. గుంటూరు నుంచి విజయవాడ వచ్చే హైవే మీద లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోతాయి మిమ్మల్ని. సరే, డిఫరెన్షియల్ రేషియో మార్చుకుందామంటే ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందూ వెనకా రెండూ ఒకేలా మార్చాలి. మళ్ళీ ఖర్చు. మీరు చేలవరకే నడుపుతానంటే ఇది పెద్ద అడ్డంకి కాదు, నల్లమల దాకా హైవే మీద పోతానంటే అడ్డంకే.

మీ స్నేహితులు డీఐ బురదలో బాగా లాగుతుందని చెప్పారని రాశారు. నల్లరేగడి చక్రాలకి పట్టి టైరు నున్నగా అయిపోయాక ఏ ఇంజిన్ బలమూ పనికిరాదు, అక్కడే గిర్రున తిరుగుతుంది. టైర్లు, లో గేరు, నిదానమైన కాలు, వెనకో తాడు ఉన్న ట్రాక్టరు, వీటి తర్వాతే హార్స్‌పవర్. నల్లమలలో అయితే అసలు రోడ్డు దిగకండి, అది పులుల అభయారణ్యం, అనుమతి లేకుండా లోపలికి పోతే అటవీశాఖ వాళ్ళతో ఏ ఇంజినూ మిమ్మల్ని బయటపడేయదు.

కాగితాల సంగతికొద్దాం, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కీ సి-బుక్కులో రాసినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. ఇంజిన్ మార్చాలంటే ముందు ఆర్టీఏ ఆఫీసులో అనుమతి, మార్చాక 14 రోజుల్లోపల చెప్పి సి-బుక్కులో ఎక్కించుకోవడం. మీ బండికి అదే రకం ప్యూజో ఇంజిన్ ఇంకోటి వేస్తే ఈ దారిలో వెళ్ళొచ్చు. డీఐ కూడా మహీంద్రాదే కదా అంటారు బావగారు, కానీ రకం వేరు, సీసీ వేరు, ఎంఎం 540కి కంపెనీ ఇచ్చిన ఇంజిన్ అది కాదు, కాబట్టి అనుమతి వస్తుందని లెక్క వేసుకుని డబ్బు పెట్టకండి. అనుమతి లేని మార్పుకి ఒక్కొక్కదానికి అయిదువేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలో ఉంది. జైలు మాట అలా ఉంచండి, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంజిన్ నంబరు కలవలేదని చేతులెత్తేస్తే పొలం మీదకి వస్తుంది.

1993 బండి అంటున్నారు, మొదటి 15 ఏళ్ళు 2008తో అయిపోయి, అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయిస్తూ వచ్చి ఉంటే 2028లో మళ్ళీ మీ వంతు. అప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి నంబరు చూస్తాడు. "అందరూ వేసుకుంటున్నారు, ఎవరు చూస్తారు" అని బావగారు అన్నారట కదా, చూసేది ఆయనే.

పాత సామాన్ల షాపు ఇంజిన్ మీద ఇంకో అనుమానం. ఆ ఇంజిన్ ఏ బండిది, ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం ఉందా, షాపువాడు నంబరు వేసి బిల్లు ఇస్తాడా? ఈ మూడూ లేకపోతే అది దొంగ బండిది కాదని చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. అదీకాక ఆ ఇంజిన్ని కూడా ఎవరూ కొలవలేదు. తెలిసిన అరుగుదల ఇచ్చేసి తెలియని అరుగుదల లక్షా పదివేలకి కొంటున్నారు.

మీ ఆవిడ మాట గురించి. పదిహేనేళ్ళు దాటితే తుక్కే అన్నది మన దగ్గర నిజం కాదు. పదేళ్ళ డీజిల్ బండ్ల నిషేధం ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. ఇక్కడ సొంత బండి ఫిట్‌నెస్ పాసయితే అయిదేళ్ళకోసారి రెన్యూవల్ అవుతుంది. కాకపోతే ఫీజులు పెరిగాయి, కారుకి 600 ఉండేది 2022 ఏప్రిల్ నుంచి అయిదువేలయింది, 20 ఏళ్ళు దాటిన బండికి ఇంకా ఎక్కువ, గ్రీన్ ట్యాక్స్ అదనం. తుక్కు మాట కాదుగానీ, ఆవిడ అసలు అడిగింది వేరే అనిపిస్తోంది నాకు. ఇంట్లో రోజూ పనికొచ్చే బండి లేదు, నెలకి నాలుగుసార్లు తీసే బండి మీద లక్ష పెడుతున్నారు. ఆ మాటలో తప్పేముంది? మీరు జీపు ఉంచుకోవాలనుకుంటే దాని మీద ఎంతవరకు పెడతారో ఒక అంకె ఆవిడ ముందు చెప్పండి, ఆ అంకె దాటితే పని ఆపి బండి అలాగే అమ్మేస్తానని కూడా చెప్పండి. చెప్పి తప్పారో, ఇక ఈ ఇంట్లో జీపు ఊసెత్తలేరు. అమ్మే దారి కూడా చిన్నచూపు చూడకండి, కాగితాలు సరిగ్గా ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ జీపుకి, ఇంజిన్ పని ఉన్నా సరే, కొనేవాళ్ళు వస్తారు. నంబరు కలవని డీఐ వేసిన జీపుకి వచ్చేవాళ్ళు సగం రేటు అడుగుతారు.

నాన్నగారి మాట సెంటిమెంటు అని మీరు రాశారు. సగమే. సి-బుక్కులో ఉన్న నంబరుకి విలువ ఉందని ఆయనకి తెలుసు, అందుకే అన్నారు. అలాగని ఆయన కోసమే ప్యూజో ఇంజిన్ మీద అప్పు చేయకండి. బ్లాకు పగిలిందని తేలితే, అదే ఆయనకి చూపించి, అదే రకం ఇంకో ఇంజిన్ అనుమతితో వేయడమా అమ్మడమా అని ఆయన్నే అడగండి.

ఇక బావగారు. మిమ్మల్ని అడక్కుండా అడ్వాన్సు ఇవ్వడం ఆయన పొరపాటే, కానీ ఆయన మీ పని మీద తిరిగి, సొంత డబ్బు పెట్టారు. "వద్దు బావగారూ" అని ఫోన్లో చెప్తే అది ఇంజిన్‌ని కాదన్నట్టు ఉండదు, ఆయన్ని కాదన్నట్టు ఉంటుంది. వెళ్ళి ఆయనతో కలిసి ఆ షాపుకి పోండి. ఇంజిన్ స్టాండు మీద నడిపి చూపించమనండి, బిల్లు, రద్దు కాగితం అడగండి. చాలా షాపుల్లో కథ అక్కడే ముగుస్తుంది, అప్పుడు వద్దన్నది మీరు కాదు. అడ్వాన్సు తిరిగి రాకపోతే ఆ పదివేలు మీరు బావగారికి ఇచ్చేయండి, ఆయన వద్దన్నా సరే, ఈ మొత్తం వ్యవహారంలో మొహమాటం వదిలించుకోవడానికి అంతకన్నా చవక దారి లేదు.

ఒకవేళ కాగితాలు పక్కాగా ఉన్నాయనుకోండి, ఇంజిన్ కూడా బాగా నడిచిందనుకోండి? అప్పుడు బావగారినే ఆర్టీఏ ఆఫీసుకి తీసుకెళ్ళి, ఈ నంబరు ఇంజిన్ ఈ బండికి వేసుకోవడానికి రాతపూర్వకంగా అనుమతిస్తారా అని అడగండి. ఇస్తే, మీ ప్యూజో ఇంజిన్ కొలతలు కూడా బాగా చెడ్డగా వచ్చి ఉంటే, ఆయన దారి నిజంగానే ఒక దారి, నాన్నగారికి అప్పుడు మీరు వేరే తరహాలో సర్దిచెప్పుకోవాలి. ఇవ్వకపోతే ఆ సంగతి ఆయన చెవులతో ఆయనే విన్నట్టవుతుంది. ఫుల్ పని చేయించాలని తేలితే బ్లాకు లేత్ షాపుకి వెళ్ళే రోజు ఆయన్ని పిలవండి, పార్టు పార్టుకి బిల్లు చూడడం, మేస్త్రిని నిలదీయడం మీకన్నా ఆయనకి బాగా వచ్చు. అక్కగారికి కూడా అది బాగుంటుంది.

ఏ దారైనా సరే వానలు పడే లోపు తేల్చుకోండి, జూన్ తర్వాత మీకు చేలల్లో బండి కావాలి, మేస్త్రులకీ పని తొందర ఎక్కువవుతుంది. ఇంజిన్ పని అయ్యాక మొదటి వెయ్యి కిలోమీటర్లు లోడు వేయకుండా, అలాగని గంటలు గంటలు ఐడిల్‌లో ఉంచకుండా మామూలు రోడ్డు మీద తిప్పి, ఆయిల్, ఫిల్టరు మార్చి, ఆ తర్వాతే బురదలో దించండి. కంప్రెషన్ అంకెలు వచ్చాక మళ్ళీ రాయండి, నాలుగూ విడివిడిగా రాయండి, సగటు చెప్తే నాకు ఏమీ తెలియదు.